రికార్డు తిప్పి వేయాలి, లేబుల్ చదవాలి

1969లో ద విన్‌స్టన్స్ అనే అమెరికన్ బృందం ఒక చిన్న 45 ఆర్‌పీఎం రికార్డు విడుదల చేసింది. మొదటి వైపు ‘కలర్ హిమ్ ఫాదర్’ అనే పాట. బిల్‌బోర్డ్ పట్టికలో 7వ స్థానం దాకా ఎక్కి, రాసిన రిచర్డ్ స్పెన్సర్‌కు గ్రామీ అవార్డు తెచ్చింది. ఆ బృందానికి మరో హిట్ రాలేదు. కొద్దికాలానికే విడిపోయింది. ఆ రికార్డు రెండో వైపు ఏదో ఒకటి ఉండాలి కాబట్టి, ఒక పాత చర్చి పాటను ఆధారం చేసుకుని, మాటలు లేకుండా వాద్యాలతోనే ‘ఆమెన్, బ్రదర్’ అనే ముక్క నింపారు. అందులో ఒకచోట మిగతా వాద్యాలన్నీ ఆగిపోతాయి. డ్రమ్మర్ గ్రెగరీ కోల్‌మన్ ఒక్కరే నాలుగు ఆవర్తాలు వాయిస్తారు. మొత్తం దాదాపు ఏడు సెకన్లే. 1986లో న్యూయార్క్‌లో డీజేల కోసం వేసిన ‘అల్టిమేట్ బ్రేక్స్ అండ్ బీట్స్’ సంకలనంలోకి ఆ ముక్క ఎక్కింది. 1988లో ఎన్.డబ్ల్యూ.ఏ. అనే ర్యాప్ బృందం ‘స్ట్రెయిట్ అవుటా కాంప్టన్’లో దాన్ని వాడింది. 1990లలో బ్రిటన్‌లో పుట్టిన జంగిల్, డ్రమ్ అండ్ బాస్ అనే సంగీత శైలులు ఆ కొద్ది సెకన్లను కోసి, వేగం పెంచి, మళ్లీ అతికించి ఎదిగాయి. ఈనాటికి కొన్ని వేల పాటల్లో ఆ దరువు ఉంది. గ్రామీ తెచ్చిన పాటను మాత్రం ఇప్పుడు తలిచేవాళ్లు తక్కువ.

పాత వినైల్ రికార్డుల అట్టపెట్టెలు తిరగేస్తూ, ఒక్క హిట్‌తో కనుమరుగైన వాళ్ల బి-సైడ్‌లు, అంటే రెండో వైపు పాటలు, వెతికేవాళ్లను చూసి ఇది తీరిక ఉన్నవాళ్ల వ్యసనమని చాలామంది అనుకుంటారు. నా అభిప్రాయం వేరు. ఒక పాట విలువ దాన్ని విడుదల చేసిన ఏడాదే తేలిపోదు. రెండో వైపు పాటకైతే అసలు విచారణే జరగలేదు. కంపెనీ ప్రచారం, రేడియో వాళ్లకు పంపిన ప్రతులు, దుకాణంలో అతికించిన పోస్టర్లు అన్నీ మొదటి వైపు కోసమే. ఎవరూ వినకుండానే పక్కన పడేసిన దాన్ని మళ్లీ వినడం పాతకాలం మీద బెంగ అనిపించుకోదు. ఎన్నడో జరగాల్సిన పనిని ఆలస్యంగా చేయడం అది.

దీనికి బలమైన అభ్యంతరం ఒకటుంది: బి-సైడ్‌లలో ఎక్కువ భాగం నిజంగానే పనికిరానివి. కాదనలేం. నిర్మాత ఫిల్ స్పెక్టర్ అయితే కావాలనే, రేడియోలో ఎవరూ రికార్డు తిప్పి వేయకూడదని, స్టూడియో వాద్యకారులు సరదాగా వాయించుకున్న ముక్కలను రెండో వైపు పెట్టేవాడు. అమ్ముడైన ప్రతి రికార్డు మీద రెండో వైపు పాట రచయితకూ మొదటి వైపు రచయితతో సమానంగా డబ్బు వచ్చేది. అందుకని నిర్మాతలు, కంపెనీ యజమానులు తమ పేరుతో ఏదో ఒకటి అక్కడ ఇరికించిన సందర్భాలూ ఉన్నాయి. అయినా నా వాదన మారదు. ఏది చెత్తో ఏది కాదో ఆ కాలంలోనే నిర్ణయించగలిగినవాళ్లు ఎవరూ లేరు. ‘ఆమెన్, బ్రదర్’ 1969 శ్రోతకు అక్కర్లేదు. పాట మధ్యలో విడిగా వినిపించే డ్రమ్స్ కోసం వెతికే డీజే పుట్టాకే దాని అవసరం పుట్టింది. 1965లో గ్లోరియా జోన్స్ పాడిన ‘టెయింటెడ్ లవ్’ కూడా అంతే. అదీ బి-సైడే, ఆ రికార్డు అమ్ముడుపోలేదు. 1973లో రిచర్డ్ సెర్లింగ్ అనే బ్రిటిష్ డీజే అమెరికాలో దాన్ని కొని తీసుకెళ్తే, ఉత్తర ఇంగ్లండ్ పారిశ్రామిక పట్టణాల యువకులు తెల్లవార్లూ దానికి నాట్యం చేశారు. 1981లో సాఫ్ట్ సెల్ బృందం దాన్ని తిరిగి పాడితే బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది. ఆ రికార్డును దాచి ఉంచినవాళ్లు ఉండబట్టే వెతికేవాళ్లకు దొరికింది.

ఫోన్‌లోనే ప్రపంచంలోని పాటలన్నీ దొరుకుతుంటే ఈ నల్లటి పళ్లేలు ఎందుకని ఇంకొందరు అడుగుతారు. అన్నీ దొరకవు. హక్కుదారు ఎవరో తెలిసి, అతను ఒప్పుకుని ఎక్కిస్తేనే అక్కడ పాట ఉంటుంది. రెండు మూడేళ్లు నడిచి మూతపడిన చిన్న కంపెనీల హక్కులు ఎవరి దగ్గరున్నాయో చాలాసార్లు వారసులకే తెలియదు. పెద్ద కంపెనీల దగ్గరైనా భద్రంగా ఉన్నాయనుకోలేం. 2008లో హాలీవుడ్‌లో యూనివర్సల్ స్టూడియోస్ ప్రాంగణంలో మంటలు రేగి మాస్టర్ టేపులు కాలిపోయాయి. ఎన్ని పోయాయన్న దానిపై ఇప్పటికీ వివాదమే, ఆ సంగతి అందరికీ తెలిసింది కూడా పదకొండేళ్ల తర్వాత. మూల టేపు పోయినప్పుడు ఎవరి ఇంట్లోనో మిగిలిన రికార్డే ఆధారం.

నాకు అసలు పట్టింపున్న సంగతి ఇంకొకటి. వెతికి పట్టుకోవడంతోనే పని పూర్తయిందనుకునే సేకరణ సగం సేకరణే. ఇంగ్లండ్‌లో ‘టెయింటెడ్ లవ్’ లాంటి పాత అమెరికన్ సోల్ పాటలు వేసే డీజేలలో కొందరు, పోటీవాళ్లకు తెలియకూడదని, రికార్డు లేబుల్ మీద కాగితం అతికించి, పాటకూ గాయకుడికీ దొంగ పేర్లు పెట్టేవారు. వేల మైళ్ల దూరంలో తన పాట మారుమోగుతోందని పాడినవాడికి తెలిసే దారిని అలా వాళ్లే మూసేశారు. ఇక విన్‌స్టన్స్ సంగతి. తమ రికార్డును ఇంతమంది వాడుకుంటున్నారని స్పెన్సర్‌కు 1990ల మధ్యలో గాని తెలియలేదు. అప్పటికి దావా గడువు దాటిపోయింది. 2015లో బ్రిటన్‌లో ఒక డీజే చందాలు పోగుచేసి 24,000 పౌండ్లు ఆయనకు అందించారు. డ్రమ్స్ వాయించిన కోల్‌మన్‌కు ఆ పాటిది కూడా అందలేదు. 2006లో అట్లాంటాలో ఇల్లూ వాకిలీ లేని స్థితిలో ఆయన చనిపోయారు. వేల పాటలకు ఊపిరి పోసిన మనిషి అలా పోవడం అన్యాయం. ‘చట్టం ప్రకారం ఏం చేయలేం’ అన్నంత మాత్రాన అది న్యాయమైపోదు.

పేర్లు పోవడం మన దేశానికీ కొత్త కాదు. 1949లో ‘మహల్’ సినిమా పాట రికార్డు మీద మొదట లతా మంగేష్కర్ పేరు లేదు, తెర మీద పాత్ర పేరు కామిని అని అచ్చువేశారు. తెలుగు నాటక పద్యాలు, లలితగీతాలు ఉన్న 78 ఆర్‌పీఎం లక్క రికార్డులను పదిలం చేసినవాళ్లలో ఎక్కువమంది జీతం లేని అభిమానులే. భారత కాపీరైట్ చట్టం ప్రకారం సౌండ్ రికార్డింగ్ మీద హక్కు విడుదలైన నాటి నుంచి 60 ఏళ్లు. 1950లలో వచ్చిన రికార్డుల మీద ఆ గడువు తీరిపోయింది. సాహిత్యం మీద, బాణీ మీద హక్కులు వేరు, అవి రచయిత, స్వరకర్తల మరణానంతరం 60 ఏళ్ల వరకు ఉంటాయి. ఆ లెక్క చూసుకుని, ఇవ్వాల్సినవాళ్లకు ఇస్తూ, రెండు వైపులా శబ్దంతో పాటు రెండు లేబుళ్ల ఫొటోలూ, రికార్డు నంబరూ, వాయించినవాళ్ల పేర్లు తెలిసినంతవరకూ జతచేసి బయట పెట్టే సేకర్తలు మనకు కావాలి. బీరువాలో దాచి ధర పెరిగేదాకా ఎదురుచూసేవాళ్లు ఇప్పటికే చాలినంతమంది ఉన్నారు.