క్వార్టర్ అంటే నాలుగో వంతు ఒక్కటే కాదు

క్వార్టర్ అంటే నాలుగో వంతు మాత్రమేనట. ఉండే ఇంటిని క్వార్టర్సు అనాలి తప్ప క్వార్టర్ అనకూడదట. మందు సీసాకు ఆ పేరు పెట్టడం ఇంగ్లీషు రాని వాళ్ల పనట. ఇంగ్లీషు బాగా వచ్చునని చెప్పుకునే పెద్దలు తరచూ అనే మాటలివి. రైల్వే కాలనీ పిల్లలు తరగతిలో ‘మాది రైల్వే క్వార్టర్’ అంటే దిద్దేదీ ఈ వాదనతోనే. ఈ వాదన ఇంగ్లీషు ప్రకారం నిలవదు, తెలుగు ప్రకారమూ నిలవదు.

ముందు సికింద్రాబాద్‌లోని చిలకలగూడ సంగతి చూద్దాం. పక్కనే లాలాగూడలో 1893 నుంచి రైల్వే వర్క్‌షాపు ఉంది. 1966 అక్టోబరు 2న సికింద్రాబాద్ కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. తరాలుగా రైలు ఉద్యోగాల మీద బతికిన పేట ఇది. ఇక్కడి మాట వినండి.

“అన్నా, క్వార్టర్ వచ్చిందా?”

“వచ్చింది తమ్మీ, టైప్ టూ. స్లాబ్ ఉరుస్తుంది. రిపేరయినంక దిగుతం.”

ఇందులో వినేవాడికి అర్థం కానిది ఏముంది? క్వార్టర్ అలాట్ అవడం, క్వార్టర్ తీసుకుంటే హెచ్‌ఆర్‌ఏ ఆగిపోవడం, రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చేయడం ఇక్కడ ప్రతి కుటుంబానికీ తెలిసిన బతుకు లెక్కలు. అదే మాట సాయంత్రం వైన్స్ ముందు వినపడితే 180 మిల్లీలీటర్ల సీసా. బడిలో క్వార్టర్లీ అంటే పరీక్షలు, ఆఫీసులో క్వార్టర్ అంటే మూడు నెలలు, క్రికెట్ కప్పులో క్వార్టర్స్ అంటే ఎనిమిది జట్లు మిగిలిన దశ. ఎవరూ ఒకదాన్ని ఇంకొకటిగా పొరబడరు. ఎక్కడ, ఎవరితో, దేని గురించి అన్నారన్నదే అర్థాన్ని తేలుస్తుంది.

ఇంగ్లీషులో మాత్రం ఈ మాట ఒక్కచోటే ఆగిందా? లాటిన్‌లో నాలుగో దాన్ని చెప్పే మాట నుంచి పుట్టి, ఊరిలో ఒక భాగానికి పేరయింది. పారిస్‌లోని లాటిన్ క్వార్టర్ ఆ నగరంలో నాలుగో వంతు కాదు. సిపాయిలు బస చేసే చోటూ క్వార్టర్సే. లొంగిపోయిన శత్రువును చంపకుండా విడిచిపెట్టే దయకూ అదే పేరు. అమెరికాలో అది 25 సెంట్ల నాణెం. అక్కడ చదువుకునే మన పిల్లలు ఎందరో బట్టలుతికే మిషన్ కోసం వాటిని దాచుకున్నవాళ్లే. ఇన్ని అర్థాలను మోస్తున్న మాటకు చిలకలగూడ ఇంకొకటి చేరిస్తే నేరమెలా అవుతుంది?

ఫుల్ బాటిల్‌లోని 750 మిల్లీలీటర్లలో నాలుగో వంతు 187.5 కదా, 180ని క్వార్టర్ అనడమేమిటని లెక్కలు తీసేవాళ్లూ ఉన్నారు. వాళ్లు మన పద్యాన్ని చూడాలి. పాదం అంటే కాలు. పశువుకు నాలుగు కాళ్లు కనుక పాదం నాలుగో వంతు కూడా అయింది. వృత్తానికి నాలుగు పాదాలు, నక్షత్రానికి నాలుగు పాదాలు. అయినా ద్విపదలో ఉన్న రెండింటినీ పాదాలే అంటున్నాం. గాయత్రికి మూడే పాదాలు. లెక్క తప్పిందని ఏ ఛందస్సు పండితుడూ ఆ పేరు మార్చలేదు. పావలా సంగతీ అంతే. 2011 జూన్ 30తో ఆ నాణెం చెల్లుబాటు పోయింది. అయినా నూటికి నెలకు పావలా, అంటే ఏడాదికి మూడు శాతం వడ్డీని పొదుపు సంఘాల మహిళలు పావలా వడ్డీ అనే పిలిచారు. నాణెం పోయినా మాట నిలిచింది. సొంత భాషలో ఇంత స్వేచ్ఛ తీసుకున్న మనం అరువు మాట దగ్గర ఎందుకు వణకాలి?

ఒక్క విషయం ఒప్పుకుందాం. ఇంగ్లండులో నివాసాన్ని బహువచనంలోనే అంటారు. అక్కడివాళ్లకు ఉత్తరం రాసేటప్పుడు, అక్కడి పరీక్ష రాసేటప్పుడు ఆ పద్ధతి పాటించడం మంచిది. పిల్లలకు అది నేర్పాలి కూడా. కానీ అది అక్కడి వాడుక, భాషకంతటికీ శాసనం కాదు. ఒక్క ఇంటిని క్వార్టర్ అనడం మన రైల్వే ఆఫీసుల్లో ఏనాడో స్థిరపడింది. దాన్ని తప్పుగా దిద్దితే పిల్లవాడికి భాష రాదు, తన ఇంటి మాట తక్కువదన్న సిగ్గు మాత్రం వస్తుంది. ఆ సిగ్గుతో నోరు మూసుకున్న పిల్లలు తరవాత ఏ భాషా ధైర్యంగా మాట్లాడలేరు.

అందుకే ఉపాధ్యాయులను కోరేది ఒకటే. ఆ మాటను ఎర్ర సిరాతో కొట్టేయకండి. దాని అర్థాలన్నీ బోర్డు మీద రాయండి, ఏది ఎక్కడ చెల్లుతుందో చెప్పండి. వాటిలో చిలకలగూడ అర్థాన్ని కూడా, మిగతావాటితో సమానంగా రాయండి.