మల్కు చెవి, ప్రభువు గాయాలు

‘అయ్యగారూ, నేను చేసింది తప్పా?’ ఆదివారం ఆరాధన ముగిసి అందరూ వెళ్లిపోయాక మా సంఘంలోని ఒక సోదరి మమ్మల్ని అడిగిన ప్రశ్న ఇది. వానలు మొహం చాటేసే ఈ అనంతపురం నేలలో చెనక్కాయ పంటను నమ్ముకుని, పంట పోయిన ఏడు కూలికి వెళ్లి పిల్లల్ని చదివించిన తల్లి ఆమె. రొమ్ము క్యాన్సర్ వచ్చింది, డాక్టర్లు ఒక రొమ్మును పూర్తిగా తొలగించారు. చికిత్స అంతా ముగిసిన కొన్నాళ్లకు బెంగళూరులో మరో ఆపరేషన్ చేయించుకుంది. కడుపు కింది భాగం నుంచి చర్మం, కొవ్వు తీసి పోయిన రొమ్ము స్థానంలో కొత్త రొమ్మును నిర్మించే శస్త్రచికిత్స అది. ఆమె ప్రాణం కోసం ఉపవాసముండి ప్రార్థించిన వాళ్లే ఈ సంగతి తెలిశాక, ‘దేవుడు ప్రాణం నిలబెట్టాడు గదా, చాలదా? ఈ వయసులో అందం కోసం మళ్లీ కత్తి కిందికి పోవాల్నా?’ అన్నారట. ఆ మాట విన్నాక ఆమె మూడు ఆదివారాలు చర్చికి రాలేదు.

నిజం ఒప్పుకోవాలి. ఆ రోజు మా దగ్గర కూడా సరైన జవాబు లేదు. వేదాంత కళాశాలలో ఏళ్ల తరబడి చదివాం, గ్రీకు భాష నేర్చుకున్నాం, ఇరవై ఏళ్లకు పైగా ప్రసంగ వేదిక మీద నిలబడ్డాం. అయినా ‘తప్పేం లేదమ్మా, ప్రార్థన చేసుకుందాం’ అని రెండు నిమిషాల్లో ముగించి పంపేశాం. ఆ ప్రార్థనలో ‘బలహీనత’ అన్నాం, ‘శరీర స్వస్థత’ అన్నాం, రొమ్ము అనే మాట మాత్రం నోటికి రాలేదు. ఇంటికొచ్చాక పాస్టరమ్మ అడిగింది: ‘మోకాలు నొప్పికైతే మోకాలు అని పేరుపెట్టి ప్రార్థిస్తారు కదా, దీనికెందుకు సిగ్గుపడ్డారు?’ ఆ ప్రశ్న చాలా రోజులు మమ్మల్ని వదల్లేదు.

పరిశుద్ధ గ్రంథానికి ఈ సిగ్గు లేదు. జనసమూహంలోంచి ఒక స్త్రీ యేసుప్రభువును మోసిన గర్భాన్ని, ఆయనకు పాలిచ్చిన రొమ్ములను ధన్యమైనవని బిగ్గరగా చెప్పిన సంగతిని లూకా దాచకుండా రాశాడు (లూకా 11:27). యెరూషలేము ఇచ్చే ఆదరణను యెషయా ప్రవక్త తల్లి చనుబాలతో పోల్చాడు (యెషయా 66:11). దేవుడు తన ప్రజలకిచ్చే ఆదరణకు ఉపమానమైన అవయవం పేరు ఆయన మందిరంలో ఎత్తకూడని మాట ఎలా అయింది? మన మౌనానికి స్త్రీలు చెల్లిస్తున్న మూల్యం చిన్నది కాదు. 2022 నాటి అంతర్జాతీయ అంచనాల ప్రకారం ఆ ఒక్క ఏడాదే మన దేశంలో దాదాపు 1 లక్షా 92 వేల మంది స్త్రీలకు కొత్తగా ఈ వ్యాధి బయటపడింది, సుమారు 98 వేల మంది మరణించారు. భారతీయ స్త్రీలలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపిస్తున్న క్యాన్సర్ ఇదే. గడ్డ చేతికి తగిలినా భర్తకు చెప్పడానికి సిగ్గు, డాక్టరుకు చూపడానికి సిగ్గు, పాస్టరుకు చెప్పడానికి మరీ సిగ్గు. ఆ సిగ్గులో నెలలు గడిచిపోయి, తొలిదశలో నయమయ్యే జబ్బు ముదిరిపోతుంది.

ఇక ఆ సోదరి ప్రశ్నకు వద్దాం. ప్రాణం దక్కాక పోయిన అవయవాన్ని తిరిగి కోరుకోవడం తప్పా? గెత్సేమనే తోటలో ఆ రాత్రి జరిగింది గుర్తుచేసుకోండి. పేతురు కత్తి దూసి ప్రధాన యాజకుని దాసుడి కుడి చెవి నరికేశాడు. అతని పేరు మల్కు అని యోహాను రాశాడు (యోహాను 18:10). యేసు అతని చెవి ముట్టి బాగుచేశాడని రాసింది లూకా ఒక్కడే (లూకా 22:51). సంప్రదాయం ప్రకారం లూకా వైద్యుడు కూడా. చెవి తెగినంత మాత్రాన మల్కు ప్రాణం పోదు. అతను స్వస్థత అడిగినట్టు కూడా ఎక్కడా లేదు. పైగా ప్రభువును పట్టుకోవడానికి వచ్చిన గుంపులోని మనిషి. కాసేపట్లో తన చేతులకే సంకెళ్లు పడబోతున్నా, ఆ చేత్తో ప్రభువు చేసిన చివరి స్వస్థత ఏది? ఒక మనిషికి పోయిన అవయవాన్ని తిరిగి ఇవ్వడం. ‘ప్రాణం ఉంది కదా, చెవి లేకపోతేనేం?’ అని ఆయన అనలేదు. మరి మనమెందుకంటున్నాం?

మన దక్షిణాది క్రైస్తవ వైద్య చరిత్రలోనూ ఇందుకు సాక్ష్యముంది. మిషనరీల బిడ్డగా 1914లో తమిళనాడులోని కొల్లి కొండల్లో పుట్టిన డాక్టర్ పాల్ బ్రాండ్, వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో కుష్ఠురోగుల వంకరపోయిన చేతులను శస్త్రచికిత్సతో సరిచేశాడు. అక్కడితో ఆగలేదు. జబ్బు నయమైనా అణిగిపోయిన ముక్కు, రాలిపోయిన కనుబొమలు చూసి జనం వాళ్లను దగ్గరికి రానివ్వడం లేదని గ్రహించి ముక్కులనూ, కనుబొమలనూ కూడా తిరిగి కట్టాడు. అది అందం కోసమా? కాదు, మనిషి మళ్లీ మనుషుల మధ్యకు రావడం కోసం. రొమ్ము పునర్నిర్మాణం కూడా ఈ కోవలోదే. వీపు కండరాన్ని వాడి ఛాతీని కప్పే పద్ధతిని ఇటలీ సర్జన్ ఇగీనియో టాన్సిని నూరేళ్లకు ముందే చూపించాడు. సిలికాన్ ఇంప్లాంటు 1962లో అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో మొదలైంది. కడుపు భాగం నుంచి చర్మం, కొవ్వు తీసుకునే పద్ధతులు ఆ తరువాత వచ్చాయి. ఈ ఆపరేషన్ వల్ల క్యాన్సర్ తిరగబెడుతుందన్నది అపోహేనని వైద్యులు చెబుతున్నారు.

అయితే నాణేనికి రెండో వైపు కూడా ఉంది. ఈ ఆపరేషన్ అందరికీ సరిపడదు. మధుమేహం, పొగతాగే అలవాటు ఉన్నవారికి, రేడియేషన్ తీసుకున్నవారికి చిక్కులు ఎక్కువ. ఖర్చు భరించలేనివారు, ఇంకో కోత వద్దనుకునేవారు మన పల్లెల్లో చాలామంది. వారంతా సగం మనుషులా? పునరుత్థానుడైన ప్రభువు శరీరాన్ని చూడండి. మరణాన్ని గెలిచిన ఆ మహిమ శరీరంలో మేకుల గుర్తులు అలాగే ఉన్నాయి, ప్రక్కలో బల్లెపు గాయం అలాగే ఉంది (యోహాను 20:27). మల్కు చెవిని ఆనవాలు లేకుండా బాగుచేయగలిగినవాడు తన గాయాలను మాత్రం ఉంచుకున్నాడు. కాబట్టి పోయిన అవయవాన్ని తిరిగి కోరుకున్న స్త్రీ అవిశ్వాసి కాదు, మచ్చతోనే ఉండిపోయిన స్త్రీ అసంపూర్ణురాలు కాదు. ఆ నిర్ణయం ఆమెది, ఆమె డాక్టరుది. సంఘం తీర్పు చెప్పాల్సిన విషయం కానే కాదు.

మరి సంఘం చేయాల్సిందేమిటి? మాకు ఆ పాఠం నేర్పింది ప్రసంగ వేదిక కాదు, పక్క మండలం నుంచి వచ్చిన మరో స్త్రీ. ఆమెకూ కొన్నేళ్ల క్రితం రొమ్ము తొలగించారు. పాస్టరమ్మ కబురు పెడితే బస్సెక్కి వచ్చింది. మా సోదరి ఇంట్లో తలుపు వేసుకుని ఇద్దరూ మధ్యాహ్నం దాకా కూర్చున్నారు. ఏం మాట్లాడుకున్నారో మాకు తెలియదు, అడగలేదు. తరువాత మా సోదరి చెప్పిందొక్కటే: ‘అయ్యగారూ, ఆయక్క నాకు ధైర్యం చెప్పలేదు. నేను చెప్పకముందే నాకు ఏమేమి అయితాందో అన్నీ చెప్పేసింది.’ కొత్త రొమ్ములో స్పర్శ సరిగా ఉండదని, అది తనది కాదన్నట్టు అనిపిస్తుందని, కడుపు కుట్లు లాగి కొన్నాళ్లు నడుం వంచి నడవాల్సి వస్తుందని, అద్దం ముందు నిలబడటానికి నెలలు పడుతుందని, భర్త ప్రేమగా ఉన్నా మనసు కుంచించుకుపోతుందని. ఇవన్నీ తన ఒక్కదానికే అనుకున్న మనిషికి, ‘నాకూ ఇట్లనే అయింది పాపా’ అనే మాటకన్నా మించిన మందు లేదు.

దేవుడు మన శ్రమలో మనల్ని ఆదరించేది, ఆ ఆదరణతోనే శ్రమలో ఉన్న ఇతరులను మనం ఆదరించడానికే అంటాడు పౌలు (2 కొరింథీ 1:3,4). మరియకు దూత వర్తమానం రాగానే ఆమె పరుగున వెళ్లింది యాజకుని దగ్గరికి కాదు, తనలాగే ఎవరూ నమ్మలేని గర్భం మోస్తున్న ఎలీసబెతు దగ్గరికి. మూడు నెలలు అక్కడే ఉండిపోయింది (లూకా 1:39-56). ఆ ఇంట్లో యాజకుడైన జెకర్యా కూడా ఉన్నాడు, ఆ రోజుల్లో ఆయనకు మాట పడిపోయి ఉంది! కొన్ని సమయాల్లో పాస్టర్లు మౌనంగా ఉండి స్త్రీలను మాట్లాడుకోనివ్వడమే మంచిదని మాకు ఆ వచనాల్లో అర్థమైంది.

ఈ సత్యాన్ని లోకం కూడా గుర్తించింది. 1952లో రొమ్ము తొలగింపు చేయించుకున్న టెరీస్ లాసర్ అనే అమెరికా మహిళ, ఆసుపత్రిలో తన ప్రశ్నలకు జవాబిచ్చేవారు లేక, తానే ఇతర రోగుల మంచాల దగ్గరికి వెళ్లి మాట్లాడటం మొదలుపెట్టింది. ‘రీచ్ టు రికవరీ’ పేరుతో మొదలైన ఆ సేవ 1969లో అమెరికన్ క్యాన్సర్ సొసైటీలో భాగమై అనేక దేశాలకు పాకింది. మన వేలూరులోనే డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో ప్రమాదంలో నడుము కింది భాగం చచ్చుబడిపోయినా, చక్రాల కుర్చీలో కూర్చుని కుష్ఠురోగుల చేతులకు ఆపరేషన్లు చేసింది, వికలాంగుల పునరావాసానికి జీవితం అంకితం చేసింది. హైదరాబాదులో డాక్టర్ రఘురామ్ తన తల్లి, వైద్యురాలైన ఉషాలక్ష్మికి ఈ జబ్బు వచ్చాక, 2007లో ఆమె పేరిట ఫౌండేషన్ స్థాపించి తెలుగునాట ఈ వ్యాధి గురించి బాహాటంగా మాట్లాడేలా చేశాడు. అదే ఏడాది ఏప్రిల్‌లో పేదలకు ఖరీదైన చికిత్సలు అందించే ఆరోగ్యశ్రీ మొదలైన తొలి మూడు జిల్లాల్లో మన అనంతపురం ఒకటి. డబ్బు లేక చికిత్స మానుకోవాల్సిన గతి చాలామందికి అలా తప్పింది. కాని ఆపరేషన్ అయి ఇంటికొచ్చిన స్త్రీ పక్కన కూర్చునే మనిషిని ఏ పథకమూ ఇవ్వలేదు. అది సంఘం ఇవ్వాలి.

అందుకే మా స్త్రీల మైత్రి కొన్ని నియమాలు పెట్టుకుంది. ఆపరేషన్ అయిన స్త్రీ సాధారణంగా ఆరు వారాల వరకు బరువులెత్తకూడదు. రెండు రోజులకోసారి నీళ్లొచ్చే ఊళ్లో బిందె మోయకుండా ఇల్లు ఎలా నడుస్తుంది? కనుక ఆ ఆరు వారాలూ ఆమె నీళ్లు సంఘం మోయాలి. చంకలోని గ్రంథులు తీసినవారికి చేయి వాచే ప్రమాదం ఉంటుంది, డాక్టరు చెప్పిన చేతి వ్యాయామాలు రోజూ పక్కనుండి చేయించాలి. రెండు వందల కిలోమీటర్లకు పైగా ఉన్న బెంగళూరుకు పరీక్షల కోసం వెళ్లేటప్పుడు ఒకరు తోడు వెళ్లాలి. పునర్నిర్మాణం వద్దనుకున్నవారికి, చేయించుకోలేనివారికి మెత్తటి నూలు రొమ్ములు కుట్టి ఇవ్వాలి. అమెరికాలో బార్బరా డెమొరెస్ట్ అనే మహిళకు ఆపరేషన్ తరువాత చిక్కులొచ్చి పునర్నిర్మాణం కుదరనప్పుడు ఒక స్నేహితురాలు నూలుతో అల్లి ఇచ్చింది. అదే ఇప్పుడు దేశదేశాల్లో స్త్రీలు ఉచితంగా అల్లి పంచే సేవ అయింది. కుట్టుమిషన్ లేని సంఘం మన జిల్లాలో ఉందా?

చేయకూడనివీ రాసుకున్నాం. మందుల గురించి సలహా చెప్పకూడదు, ఒకరి చికిత్స ఇంకొకరికి వర్తించదు. ప్రార్థించాం కదా అని మందులు, పరీక్షలు మాన్పించకూడదు. ‘ఏ పాపం చేశావో’ అనే మాట ఎవరి నోటా రాకూడదు, ప్రభువు ఆ మాటను ఎప్పుడో కొట్టేశాడు (యోహాను 9:3). అన్నిటికన్నా ముఖ్యంగా, సాక్ష్యం చెప్పమని బలవంతపెట్టకూడదు. ప్రభువు తన గాయాలను సంతవీధిలో చూపలేదు. తలుపులు వేసి ఉన్న గదిలో, అవి చూడటం అవసరమైన తనవారికి మాత్రమే చూపాడు. ఆమె గాయం ఎవరికి చూపాలో ఆమే నిర్ణయించుకుంటుంది.

ప్రియులారా, మా సోదరి మళ్లీ చర్చికి వస్తోంది. ముందు వరుసలో కూర్చోదు, సాక్ష్యమూ చెప్పలేదు. కాని మొన్న నెల కళ్యాణదుర్గం వైపు ఒక ఊళ్లో ఇంకో స్త్రీకి ఆపరేషన్ అయిందని తెలిసి, టిఫిన్ డబ్బా సర్దుకుని బస్టాండుకు బయల్దేరింది. దారిలో మా ఇంటి దగ్గర ఆగి, ‘అయ్యగారూ, ప్రార్థన చేయండి’ అంది. ఈసారి రొమ్ము పేరెత్తే ప్రార్థించాం. ఆమె అడిగిన ప్రశ్నకు ఆలస్యంగానైనా జవాబు చెప్పాం: ‘తప్పు నీది కాదమ్మా, నిన్ను మూడు వారాలు ఒంటరిగా వదిలేసిన మాది.’