ముడత ఒకటే, ప్రశ్నలు మూడు

మిరప సాగయ్యే నల్లరేగడి ఊళ్లలో ఏటా తిరిగి తిరిగి వినబడే ప్రశ్న ఒకటుంది: ఆకు ముడుచుకుపోతోంది, ఏ మందు కొట్టాలి? మార్టూరు, పర్చూరు, చిలకలూరిపేట వైపు తోట నాటుకుని నిలదొక్కుకున్న దగ్గర నుంచి కోతల దాకా ఈ ప్రశ్న రైతు సేవా కేంద్రానికీ, పురుగు మందుల షాపుకీ, కాల్ సెంటరుకీ వెళ్తూనే ఉంటుంది. జవాబు కొత్తదేమీ కాదు. గుంటూరు పక్కనే ఉన్న లాం ఫారం శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి చెబుతున్నదే. అయినా అడగడం ఆగలేదు. చెప్పింది వినరు, చదవరు అని రైతును తప్పు పట్టేవాళ్లు చాలామంది. లోపం రైతులో కన్నా జవాబును అమర్చిన తీరులోనే ఎక్కువ.

ముడతల్లో ప్రధానమైనవి మూడు. ఆకు అంచులు పైకి లేచి దోనెలా మారితే అది పై ముడత, తామర పురుగుల పని. అంచులు కిందికి వంగి, దోనె బోర్లించినట్టయి, కాడ సాగి ఎలుక తోకలా కనిపిస్తే కింద ముడత, తెల్లనల్లి వల్ల వచ్చేది. ఆకులు చిన్నవైపోయి, పాలిపోయి, మొక్క మొత్తం గిడసబారితే తెల్లదోమ మోసుకొచ్చిన జెమిని వైరస్. తామర పురుగు మీద పనిచేసే ఫిప్రోనిల్ నల్లిని ఏమీ చేయదు. సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు విపరీతంగా కొడితే మిత్రపురుగులు చచ్చి నల్లి ఇంకా పెరుగుతుంది. వైరస్‌కైతే మందే లేదు. తెగులు సోకిన మొక్కను తొలిదశలోనే పీకెయ్యడం, తెల్లదోమను అదుపులో పెట్టడం తప్ప దారి లేదు. రైతు నోటి నుంచి వచ్చే మాట మాత్రం మూడింటికీ ఒక్కటే: ముడత. ఆ ఒక్క మాటకు జవాబు చెబితే అది తగలొచ్చు, తప్పొచ్చు. తప్పినప్పుడు వారం తిరక్కుండానే అదే రైతు అదే ప్రశ్నతో మళ్లీ వస్తాడు. ప్రశ్నలు రాసుకునే పుస్తకంలో చూసేవారికి ఇది అడిగిందే అడగడం. నిజానికి మొదటిసారి అడిగినదానికి జవాబే దొరకలేదు.

ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం ప్రచురించే వ్యవసాయ పంచాంగంలో సమాచారానికి కొరత లేదు. పంట వారీగా, పురుగు వారీగా, తెగులు వారీగా మోతాదులతో సహా అంతా ఉంటుంది. అయితే ఆ పేజీకి చేరాలంటే ముందు పురుగు పేరు తెలియాలి. పేరు తెలిసినవాడికి అడిగే అవసరం సగం తీరినట్టే. రైతుకు కనిపించేది పేరు కాదు, గుర్తు. కాబట్టి జవాబుకు దారి గుర్తు నుంచే మొదలవ్వాలి. అంచు పైకా, కిందికా? కాడ సాగిందా? పువ్వును తెల్ల కాగితం మీద దులిపితే నల్లటి నలుసుల్లాంటివి పాకుతున్నాయా? ఆకు అడుగున భూతద్దంతో చూస్తే ఏం కనిపిస్తోంది? ఈ నాలుగింటికీ పొలంలో నిలబడే సమాధానం చెప్పొచ్చు. కాబీ అనే అంతర్జాతీయ సంస్థ 2011లో మొదలుపెట్టిన ప్లాంట్‌వైజ్ పంట క్లినిక్కులు నడిచేది ఈ పద్ధతిలోనే. రైతు రోగం సోకిన కొమ్మ తెస్తాడు, సలహాదారు గుర్తును బట్టి కారణానికి వెళ్తాడు. మందు మాట చివర్లో వస్తుంది. మన రైతు సేవా కేంద్రం గోడ మీద పథకాల పోస్టర్లకు దొరికిన చోటులో పావు వంతు దొరికినా, మూడు ఆకుల నిలువెత్తు ఫొటోలు పక్కపక్కన పెట్టొచ్చు.

ఫోన్ సలహాల్లో చిక్కు ఇంకొంచెం లోతుగా ఉంది. కేంద్ర ప్రభుత్వం 2004 జనవరి 21న కిసాన్ కాల్ సెంటర్లను ప్రారంభించింది. 1800-180-1551కు ఫోన్ చేస్తే ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా తెలుగులోనే సలహా దొరుకుతుంది. ఆంధ్రప్రదేశ్‌కు 155251 నంబరుతో విడిగా మరో కాల్ సెంటర్ ఉంది. కిసాన్ కాల్ సెంటర్ల రికార్డులను ప్రభుత్వం బహిరంగంగా పెడుతోంది, ఇది మెచ్చుకోవలసిన పని. కాకపోతే అక్కడ ప్రశ్న గడిలో కనిపించేది రైతు మాట కాదు. ఫోన్ ఎత్తినవారు తమకు అర్థమైనదాన్ని పొడిగా ఒక్క వాక్యంలో రాసుకున్న సారాంశం అది. ముడత అన్న మాట అక్కడికి చేరేసరికి తామర పురుగుల నివారణగా మారిపోయి ఉంటుంది. ఏ మాటతో అడిగితే ఏ జవాబు పనికొచ్చిందో తెలియాలంటే రైతు అన్న మాట అన్నట్టుగా రాయాలి. దాని పక్కన పంట వయసు, అప్పటికే కొట్టిన మందు పేరు కూడా ఉండాలి. ఈ రెండూ లేకుండా చెప్పిన మోతాదు చీకట్లో విసిరిన రాయే.

అసలు ప్రశ్న పుట్టకముందే జవాబు పంపడం మరో దారి. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ 2004లో మొదలుపెట్టిన ఈ-సాగు చేసింది అదే. వరంగల్ జిల్లా ఆత్మకూరు మండలంలోని మూడు ఊళ్లలో వెయ్యికి పైగా పత్తి చేలను ఎంచుకున్నారు. ఊళ్లో ఉండే కోఆర్డినేటర్లు చేలకు వెళ్లి ఫొటోలు తీసి సీడీల్లో హైదరాబాద్ పంపేవారు. అక్కడి నిపుణులు ఒక్కో చేనుకూ విడిగా సలహా రాసేవారు. రైతు నోరు తెరిచి అడగాల్సిన పని లేదు. ప్రతి చేనుకూ ఇలా చేయడం ఖర్చుతో కూడిన పని, అన్నిచోట్లా సాగదు. అయితే చాలా ప్రశ్నలు కేలండరు ప్రకారం వస్తాయి కనుక అంత ఖర్చు పెట్టక్కర్లేదు. పత్తిలో గులాబీ పురుగు పూత దశలో మొదలవుతుంది. రేకులు విచ్చుకోక ముడుచుకున్న గుడ్డిపూలు కనబడ్డాక సలహా ఇస్తే ఆలస్యమైనట్టే. లింగాకర్షక బుట్టలో వరుసగా 3 రోజులు, రోజుకు 8 చొప్పున తల్లి పురుగులు పడితే మందు కొట్టాలన్న మాట విత్తిన నెల తిరిగేలోపే ఫోనుకు చేరాలి. ఆ సందేశం చేరితే పూత దశలో వచ్చే ఫోన్లు తగ్గుతాయి.

జవాబులకూ వయసు ఉంటుంది. కింద ముడతకు డైకోఫాల్ కొట్టమని పాత కరపత్రాలన్నీ చెప్పేవి. 2023లో కేంద్రం ఆ మందును నిషేధించింది. అయినా పాత కాగితాలు, పాత వీడియోలు, ఊరి వాట్సాప్ గ్రూపులో పాత మెసేజీలు చెలామణిలోనే ఉన్నాయి. ఒకచోట కొట్టమని, ఇంకోచోట నిషేధమని ఉంటే రైతు ఎవరినో ఒకరిని అడగక ఏం చేస్తాడు? ప్రతి సలహా మీదా తేదీ ఉండాలి. చెల్లని సలహాను వెనక్కి తీసుకునే బాధ్యత ఫలానా వారిదని కూడా తేలాలి. కొత్తవి అచ్చువేసే ఉత్సాహం పాతవి తీసేయడంలో కనిపించదు.

అలాగని ప్రశ్నలు పూర్తిగా తగ్గిపోవడం మంచిది కాదు. 2021లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పూత రాలిపోతోందని, ముడత ఆగడం లేదని రైతులు మొరపెట్టుకున్నారు. మాటలు పాతవే, పురుగు మాత్రం కొత్తది. నల్ల తామర పురుగు పువ్వుల్లో దాగి ఉంటుంది. ఎప్పటి మందులు కొట్టినా లొంగలేదు. కొందరు తోటలు పీకేశారు. అలాంటప్పుడు మనిషికి బదులు యంత్రం పాత జవాబును అప్పజెప్పి ఫోన్ పెట్టేస్తే ముంచుకొచ్చే ముప్పు ఎవరి చెవికీ చేరదు. ఏ మండలం నుంచి ఏ వారం ఏ ప్రశ్న హఠాత్తుగా పెరిగిందో లాంలో రోజూ చూసేవారుండాలి. మార్టూరు మండలంలో ముడత ఫోన్లు వారంలోనే రెట్టింపైతే అది విసుక్కోవలసిన విషయం కాదు, జీపు బయల్దేరవలసిన విషయం. పీఎం కిసాన్ డబ్బు పడిందా లాంటి ప్రశ్నలు వేరు. వాటికి 2023 నుంచి కిసాన్ ఈ-మిత్ర చాట్‌బాట్ ఉంది, యంత్రానికి వదిలేయడమే మేలు.

మిగిలింది షాపు. రైతు ముందుగా వెళ్లేది అక్కడికే, ఎందుకంటే అప్పు పుట్టేది అక్కడే. రైతు సేవా కేంద్రం ఒక మందు, షాపు ఇంకో మందు చెబితే మూడో చోట అడిగి తేల్చుకుంటాడు. ఇది తెలియక అడగడం కాదు, నమ్మకం కుదరక అడగడం. హైదరాబాద్ మేనేజ్ సంస్థ 2003 నుంచి డీలర్ల కోసం దేశీ పేరుతో ఏడాది డిప్లొమా నడుపుతోంది. ఆ చదువు చదివిన షాపుల్లోనైనా కౌంటర్ మీద అవే మూడు ఆకుల ఫొటోలు పెట్టించి, అంచు పైకా కిందికా అని అడిగాకే డబ్బా చేతికిచ్చేలా చేయాలి. నాట్లు మొదలయ్యే లోపే కేంద్రానికీ షాపుకీ ఒకే కాగితం వెళ్లాలి.