‘చదువు మీద ధ్యాస లేదు’: ఏడీహెచ్‌డీ వైద్యం మన పిల్లల దాకా ఎందుకు రావడం లేదు

2023 డిసెంబరులో కేంద్ర విద్యాశాఖ లోక్‌సభ ముందు ఒక లెక్క పెట్టింది. అంతకు ముందు ఐదేళ్లలో కేంద్రీయ విశ్వవిద్యాలయాలు, ఐఐటీలు, ఐఐఎంల నుంచి 13,626 మంది ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ విద్యార్థులు చదువు మధ్యలో ఆపేశారు. ఒక్క కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లోనే ఎస్సీలు 2,424 మంది, ఎస్టీలు 2,622 మంది. ఎందుకు వెళ్లిపోయారయ్యా అంటే, విద్యార్థులకు అనేక అవకాశాలుంటాయి, ఒక సంస్థ నుంచి మరో సంస్థకు, ఒక కోర్సు నుంచి మరో కోర్సుకు మారుతుంటారని ప్రభుత్వం జవాబు. వివక్ష తట్టుకోలేక వెళ్లినవాళ్లెందరో, ఫెలోషిప్ అందక వెళ్లినవాళ్లెందరో, ఒంట్లోనో మనసులోనో బాగోలేక వెళ్లినవాళ్లెందరో ఆ జవాబులో లేదు.

నేను రాస్తున్నది ఆ చివరి మాట గురించే. అందులోనూ ఒక్క సమస్య గురించి: అటెన్షన్ డెఫిసిట్ హైపర్ యాక్టివిటీ డిజార్డర్, అంటే ఏడీహెచ్‌డీ. ఈ రెండు మూడేళ్లుగా ఇన్‌స్టాగ్రామ్ రీళ్లలో ఇదొక నగర ఇంగ్లిషు మాటగా తిరుగుతోంది కాబట్టి మన విద్యార్థి సంఘాల్లో చాలామంది దీన్ని బాగా ఉన్నవాళ్ల సరదా జబ్బు అనుకుంటున్నారు. అది పొరపాటు. పిల్లల్లో సుమారు 5 శాతం మందికి ఇది ఉంటుందని అంతర్జాతీయ అంచనా. మెదడు ఎదిగే తీరులో ఉండే తేడా ఇది. ఒకచోట కుదురుగా కూర్చోలేకపోవడం, మొదలుపెట్టిన పని పూర్తి చేయలేకపోవడం, వస్తువులూ తేదీలూ మరిచిపోవడం, ఆగి ఆలోచించకుండా మాట అనేయడం. అందరికీ అప్పుడప్పుడూ ఉండేవే కదా అనవచ్చు. చదువునీ పనినీ మనుషులతో సంబంధాలనీ దెబ్బతీసేంతగా, ఏళ్ల తరబడి ఉంటేనే డాక్టరు దానికి ఆ పేరు పెడతాడు. కుటుంబాల్లో వారసత్వంగా వచ్చే అవకాశం ఎక్కువ. ఇక్కడ ఒక జాగ్రత్త: వారసత్వం అనగానే దాన్ని కులానికి అంటగట్టే బుద్ధిమంతులు మన క్యాంపస్‌లలో తక్కువేం లేరు. కుటుంబంలో రావడం వేరు, కులంలో రావడం వేరు. ఏ కులంలోనైనా ఇది పుడుతుంది. ఎవరికి వైద్యం అందుతుందన్న దగ్గరే కులం అడ్డొస్తుంది.

ఎలా అడ్డొస్తుందో చూడాలంటే రోగనిర్ధారణ పద్ధతి చూడాలి. దీనికి రక్తపరీక్ష లేదు, స్కాన్ లేదు. డాక్టర్లు ఎక్కువగా వాడే డీఎస్ఎం-5 ప్రకారం, పెద్దయ్యాక వచ్చిన మనిషికైనా 12 ఏళ్ల లోపే కొన్ని లక్షణాలు కనిపించి ఉండాలి. అదీ ఒక్కచోట కాదు, ఇంట్లోనూ బడిలోనూ, రెండు చోట్లయినా. అందుకని డాక్టరు అడుగుతాడు: చిన్నప్పుడు ఎలా ఉండేవాడు? ప్రోగ్రెస్ రిపోర్టులో టీచర్లు ఏం రాశారు? అమ్మానాన్నల్ని తీసుకురండి.

న్యాయమైన ప్రశ్నలే. కానీ వాటి వెనక ఒక బాల్యం ఊహించుకుని ఉంది. హోంవర్క్ దగ్గర కూర్చునే తల్లి, పేరుపేరునా పిల్లల్ని గమనించే టీచరు, దాచిపెట్టిన రిపోర్టు కార్డులు ఉన్న బాల్యం. తెల్లారకముందే కూలికి పోయిన తల్లికి కొడుకు హోంవర్క్ మధ్యలో లేచిపోయాడో లేదో ఎట్లా తెలుస్తుంది? ఐదో తరగతి నుంచి సంక్షేమ హాస్టల్లో పెరిగిన పిల్లను గమనించింది ఎవరు? గమనించిన టీచరు ఉన్నా, ఆయన దగ్గర అప్పటికే ఒక మాట సిద్ధంగా ఉంది. మొద్దు. బుర్రలేనోడు. ‘వీళ్లకి చదువు మీద ధ్యాస ఉండదు’. ఈ ‘వీళ్లు’ అన్న మాటలోనే ఒక్కో పిల్లవాడి సమస్య మాయమైపోతుంది. క్యాంపస్‌కి వచ్చాక అదే మాట ‘రిజర్వేషన్ సీటు’గా మారుతుంది. అసైన్‌మెంట్ ఆలస్యమైతే పై కులం విద్యార్థిని ‘ఏమైంది, ఒంట్లో బాగోలేదా’ అంటారు, మనవాణ్ని ఏమీ అడగరు. కారణం తమకు ముందే తెలుసనుకుంటారు.

ఇది మన దేశానికే పరిమితం కాదు. అమెరికాలో కిండర్‌గార్టెన్ నుంచి ఎనిమిదో తరగతి దాకా పిల్లల్ని గమనించి 2013లో పీడియాట్రిక్స్ పత్రికలో అచ్చయిన ఒక అధ్యయనం, లక్షణాల తేడాలు లెక్కలోకి తీసుకున్నాక కూడా తెల్లపిల్లలతో పోలిస్తే నల్లజాతి పిల్లలకు ఏడీహెచ్‌డీ నిర్ధారణ దక్కే అవకాశం చాలా తక్కువని తేల్చింది.

దీనికి రెండో వైపు ప్రమాదం కూడా ఉంది, దాచకూడదు. రక్తహీనత, నిద్రలేమి, వినికిడి లోపం, ఇంట్లో హింస, క్లాసులో రోజూ పడే అవమానం: ఇవన్నీ పిల్లవాణ్ని పరధ్యానంగా, చిరాకుగా మారుస్తాయి. కులం పేరుతో వెనక బెంచీకి నెట్టిన పిల్లవాడికి ఏడీహెచ్‌డీ మాత్ర రాసి పంపడం వైద్యం కాదు. ముందు వీటిని పరిశీలించి తర్వాతే ఆ పేరు పెట్టే డాక్టరు కావాలి. ఐదు నిమిషాల ఓపీలో ఇది అయ్యే పని కాదు. మన దేశంలో లక్ష జనాభాకి ఒక్క సైకియాట్రిస్టు కూడా లేడు. ప్రైవేటులో పూర్తి పరీక్షలకు వేలల్లో అవుతుంది. నెలకి రూ. 8,000 నాన్-నెట్ ఫెలోషిప్‌తో బతికే పరిశోధక విద్యార్థి ఇంటికి పంపాలా, సైకాలజిస్టుకి కట్టాలా?

ప్రభుత్వానికి ఈ సమస్య తెలియక కాదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 18 ఏళ్ల లోపు పిల్లల్లో వెతకాల్సిన ముప్పై ఆరోగ్య సమస్యల పట్టికలో ఏడీహెచ్‌డీ పేరు ఉంది. సంచార బృందాలు ఏడాదికొకసారి ప్రభుత్వ బడులకు రావాలి, అనుమానం ఉన్న పిల్లల్ని జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపాలి, అంతా ఉచితం. ఈ బృందాలు మీ మండలంలోని గురుకులానికి, హాస్టలుకి వచ్చాయా? పళ్లు, కళ్లు, బరువు చూసి వెళ్లాయా, ఇదీ చూశాయా? ఎంతమందిని పై కేంద్రానికి పంపారు? సమాచార హక్కు దరఖాస్తుకి ఇంతకన్నా మంచి విషయం లేదు.

ఇక మందు. ఎక్కువగా రాసేది మిథైల్ ఫెనిడేట్. చాలామందికి గంటలోపే పనిచేస్తుంది. కానీ అది మాదకద్రవ్యాల నిరోధక చట్టం పరిధిలోని మందు, చీటీ లేకుండా ఇవ్వరు, చిన్న ఊళ్లలో చాలా మందుల షాపులు అసలు తెప్పించవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దీన్ని అత్యవసర మందుల జాబితాలో చేర్చమన్న విన్నపాన్ని 2019లోనూ 2021లోనూ తోసిపుచ్చింది, ఆధారాల నాణ్యత చాలదని. అటామాక్సెటిన్ అని ఇంకొకటి ఉంది, ప్రభావం తెలియడానికి వారాలు పడుతుంది. రెండింటికీ బీపీ, గుండె వేగం, బరువు చూస్తూ ఉండాలి.

ఎవరూ పెద్దగా మాట్లాడని సంగతి ఇంకోటి. మిథైల్ ఫెనిడేట్ ఆకలిని చంపేస్తుంది, ముఖ్యంగా పొద్దున వేసుకుంటే మధ్యాహ్నం పూట. మధ్యాహ్న భోజనమే రోజు మొత్తానికి అసలు తిండి అయిన పిల్లవాడికి ఇది చిన్న సైడ్ ఎఫెక్ట్ కాదు. మందు వేసుకునే ముందే కడుపునిండా పెట్టాలని, సాయంత్రం ఆకలి తిరిగొచ్చినప్పుడు మళ్లీ పెట్టాలని డాక్టర్లు చెబుతారు. మెస్ తలుపులు మూసేశాక ఆకలేసిన హాస్టల్ పిల్లకి ఎవరు పెడతారు? మందు రాయడంతో పాటు వార్డెన్‌కి ఒక చీటీ రాయాల్సిన అవసరం ఉంది.

చట్టం వైపు చూస్తే చేతిలో కొంత బలం ఉంది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని సెక్షన్ 18 ప్రభుత్వ మానసిక వైద్యం పొందడాన్ని ప్రతి మనిషి హక్కుగా చెప్పింది. కులం ఆధారంగా వివక్ష కూడదని పేరు పెట్టి మరీ రాసింది. దారిద్ర్యరేఖకు దిగువనున్న మానసిక రోగులకు, కార్డు ఉన్నా లేకపోయినా, వైద్యం ఉచితం. హైదరాబాద్ ఎర్రగడ్డ, విశాఖ మానసిక వైద్యశాలలు, ప్రభుత్వ మెడికల్ కాలేజీల సైకియాట్రీ విభాగాలు ఈ హక్కు కిందికే వస్తాయి. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే టెలి మానస్ 14416కి తెలుగులో ఫోన్ చేయవచ్చు. విశాఖలో ఒక నీట్ విద్యార్థిని మరణం కేసులో 2025 జులై 25న సుప్రీంకోర్టు, 100 మందికి పైగా విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత గల కౌన్సెలర్ గానీ సైకాలజిస్టు గానీ సోషల్ వర్కర్ గానీ ఉండాలంది. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ విద్యార్థులతో వివక్ష లేకుండా మెలగడంలో సిబ్బందికి శిక్షణ ఇవ్వాలంది. మీ కాలేజీలో ఆ కుర్చీలో మనిషి ఉన్నాడా, ఉంటే మీ కులం తెలిశాక అతని మాట మారుతోందా అన్నది మీరే చెప్పాలి.

పెద్ద ఖాళీ మాత్రం వికలాంగుల హక్కుల చట్టం, 2016లో ఉంది. అందులో గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది, నిర్దిష్ట అభ్యసన లోపాలు ఉన్నాయి. ఏడీహెచ్‌డీ పేరు లేదు. దాంతో పరీక్షలో అదనపు సమయం, థీసిస్ గడువు పొడిగింపు లాంటివి హక్కుగా రావు, గైడు దయ మీద ఆధారపడతాయి. గైడు దయ మన విద్యార్థులకు ఎంత దొరుకుతుందో ఇక్కడ రాయనక్కర్లేదు. ఆ పట్టికలో కొత్త వైకల్యాల్ని కేంద్రం నోటిఫికేషన్‌తోనే చేర్చవచ్చు, చట్ట సవరణ అక్కర్లేదు. వికలాంగుల సంఘాలతో కలిసి ఈ డిమాండ్ ఎత్తిన దళిత విద్యార్థి సంఘం ఇప్పటిదాకా నా కంటపడలేదు. స్కాలర్‌షిప్ బకాయిల మీద పెట్టే వినతిపత్రంలో దీనికీ ఒక వరుస పట్టదా?