పరదేశపు బడి, ఇంటి పద్దు



గతమాసమున మా పినతల్లిగారి కుమార్తె తెనాలినుండి కూతురును వెంటబెట్టుకొని వచ్చి మా యింట రెండు దినములుండెను. వచ్చినది మొదలు ఆమె చేతిసంచిలో నొక నిగనిగలాడు పుస్తకము. అందు పచ్చికబయళ్లు, ఎఱ్ఱయిటుకల మేడలు, నల్లకోట్లు తొడిగి నవ్వుచున్న బాలురు. ఇంగ్లండులోని యొక వసతిపాఠశాలవారు పంపిన వివరపుస్తక మది. పదమూడవయేడు రానున్న కుమారు నచటికి పంపవలెనని ఆమె భర్త నిశ్చయించినాడట. "అక్కయ్యా, బావగారు బడిపంతులు గదా, మంచిచెడ్డలు వారికి తెలియును. ఒకమాట అడిగి చెప్పవూ" అని ఆమె కోరిక. మావారు పుస్తకము నిటునటు త్రిప్పి, "చదువు సంగతి నేను చెప్పగలను, పద్దు సంగతి మీరే చూచుకొనుడు" అని బడికి వెడలిపోయిరి. మధ్యాహ్నము వంటిల్లు సర్దుకొని మేమిద్దఱమును చాపమీద నోటుపుస్తకము పెట్టుకొని కూర్చుంటిమి. ఇట్టి యాలోచనలు పట్టణములలోనే గాక పల్లెలలో గూడ వినవచ్చుచున్నవి గనుక, ఆనాడు వ్రాసికొన్న లెక్కనే ఈ నెల మీ ముందుంచుచున్నాము.

పుస్తకము చివర చిన్న యక్షరములతో నున్న యంకెను చెల్లెలు సంవత్సరపు మొత్తమని తలచినది. అది మూడు టర్ములలో నొకదానికి మాత్రమే. అచటి స్వతంత్రపాఠశాలల మండలివారి 2024 లెక్కలో వసతితో గూడిన చదువునకు సగటు రుసుము టర్మునకు 14,000 పౌండ్ల పైచిలుకు, అనగా ఏటికి 42,000 దాటును. దానిపై 2025 జనవరి 1వ తేదీనుండి అచటి ప్రభుత్వమువారు నూటికి 20 వంతున పన్ను వేసినారు. అంతకుముందు బడిరుసుములకు ఆ పన్ను లేదు. 42,000కు పన్ను కలుప 50,400. పౌండు 115 రూపాయల చొప్పున గట్టిన ఏటికి సుమారు 58 లక్షలు. పేరుమోసిన ఈటన్ బడిలో నైనచో పన్నుతో గలిపి 2025లో 63,000 పౌండ్లు దాటినది.

పదమూడవయేట చేరినవాడు పదునెనిమిదవయేటికి ముగించును. అయిదేండ్లు. రుసుము ఏటేట పెరుగుచుండును గనుక నూటికి అయిదు చొప్పున పెరుగునని మేము వేసికొంటిమి. మొత్తము 3 కోట్ల 20 లక్షలు వచ్చినది. రూపాయి విలువ తగ్గుట ఇందులో చేరలేదు. 2014లో డాలరు సుమారు 60 రూపాయలుండగా 2024 ముగియునప్పటికి 84 దాటినది. మన యింటి రాబడి రూపాయలలో, బడి ఖర్చు పౌండ్లలో నున్నపుడు ఈ తేడా ఇల్లాలే భరించవలసియుండును.

రుసుము పద్దులో నొక్క వరుస మాత్రమే. విదేశమునుండి వచ్చు పిల్లలకు పెక్కు బడులవారు ఒక టర్ము రుసుమంత ధరావతుగ ముందే కట్టించుకొందురు. 2025లో వీసా సుంకము 500 పౌండ్ల పైమాట. దానితోబాటు ఆ దేశపు వైద్యము నిమిత్తము ఏటికి 776 పౌండ్లు, ఎన్నియేండ్లకు వీసా కోరుదుమో అన్నియేండ్లకును ఒక్కమారే చెల్లింపవలెను, అయిదేండ్లకు 3,880. క్షయరోగము లేదని పరీక్ష చేయించి పత్రము పొందవలెను. దుస్తులు, సంగీతపాఠములు, విహారయాత్రలు, పరీక్షరుసుములు వేఱు. ఊరగాయ జాడీ బరువునకు విమానమువా రెంత పుచ్చుకొందురో మాత్రము చెల్లెలికి బాగుగ తెలియును.

బడి తెఱచియున్నంతకాలము పిల్లవాడు బడిలో నుండును. మూసినపు డెక్కడ నుండును? ఈ ప్రశ్న ఆమెకు తట్టలేదు. మాకును పుస్తకము మూడవమారు చదువునపుడుగాని తట్టలేదు. క్రిస్మసు, ఈస్టరు, వేసవి సెలవులే గాక ప్రతి టర్ము నడుమను కొన్ని దినములు సెలవుండును. అప్పుడప్పుడు శనాదివారములు గూడ పెక్కు వసతిగృహములు మూసివేయుదురు. వారము దినములకై హైదరాబాదు వచ్చి మరలిపోవుట యెట్లు? అందుకే ఆ దేశమున నివసించు పెద్దమనిషి నొకరిని సంరక్షకునిగ నియమింపుడని బడివారు కోరుదురు. ఈ పని జీతమునకు చేయు సంస్థలున్నవి. వారి యేటి రుసుము వేఱు, పిల్లవాడొకరి యింట పడుకొన్న ప్రతిరాత్రికిని వేఱు. అట్టి సంస్థలను పరీక్షించి గుర్తింపు నిచ్చుటకు ఏజిస్ అను మండలి యున్నది. దూరపు చుట్ట మెవరో లండనులో నున్నాడు గదాయని పేరు వ్రాసియిచ్చి ఊరకుండరాదు. అర్ధరాత్రి బిడ్డకు జ్వరము వచ్చినచో బడివారు పిలుచునది ఆతనినే.

"నేనే పోయి వాని దగ్గఱ నుండెదను" అని చెల్లెలనినది. అదియు కుదరదు. బిడ్డతో తల్లి యుండుటకిచ్చు వీసా పండ్రెండేండ్లు నిండని పిల్లలకే, అదియు పగటిబడిలో చదువువారికే. తల్లి చూడబోవుట చుట్టపుచూపుగనే.

మన దేశమునుండి సొమ్ము పంపుటకు రిజర్వుబ్యాంకువారి హద్దు ఒక్కొక్కరికి ఏటికి రెండున్నర లక్షల డాలర్లు గనుక అది మనకడ్డు గాదు. కాని 2025 ఏప్రిలు నాటి నియమముచొప్పున, అప్పుచేసి పంపినది గానియెడల, పది లక్షలు దాటిన భాగముపై బ్యాంకువారు నూటికి అయిదు పట్టుకొనుచుండిరి. 58 లక్షలకు అది 2,40,000. ఇది పోయిన సొమ్ము గాదు, ఆదాయపు పన్నులో సరిపెట్టి మిగులు తిరిగి యిత్తురు. అయినను అంతవరకు చేతిలో లేనట్లే గదా. ఈ వంతు మారుచుండును గనుక పంపునాడు అడిగి తెలిసికొనవలెను. చదువునకై చేసిన యప్పు వడ్డీకి పన్నులో నిచ్చు మినహాయింపు పండ్రెండవ తరగతి దాటిన చదువులకే గాని బడిచదువునకు లేదు.

అప్పుడుగాని చెల్లెలు అసలుమాట చెప్పలేదు. పుట్టింటివారు ఆమెకు పసుపుకుంకుమల క్రింద నిచ్చిన రెండెకరముల మాగాణి యున్నది. దాని నమ్మిన రెండేండ్ల రుసుము వచ్చును. తక్కినది వ్యాపారమునుండి తీయవచ్చునని భర్త చెప్పినాడట. వ్యాపారము నిరుడెట్లున్నదని మే మడుగ, "నిరుడు బాగులేదు" అనినది.

ఇచట మావారు సాయంకాలము చెప్పినమాట చేర్చవలెను. అచటి చదువునకు రెండు మజిలీలున్నవి. పదునాఱవయేట జీసీయస్‌ఈ పరీక్ష, పదునెనిమిదవయేట ఏ‌లెవెల్ పరీక్ష. మొదటిదానిలో తగినన్ని విషయములు తగిన శ్రేణిలో నెగ్గిన, మనదేశమున పదవతరగతికి సమముగ నెంచుదురు. తిరిగివచ్చి ఇంటర్మీడియట్‌లో చేరవచ్చును. ఆ మజిలీ మూడేండ్లకు వచ్చును. పొలము రెండేండ్లకే చాలును. రెండేండ్లకు మాన్పించిన, రెండేండ్ల పాఠక్రమము నడుమ లేచివచ్చిన పిల్లవాని చేతిలో నే పత్రమును లేదు. మన కేంద్రబోర్డువారు తమ బడిలో తొమ్మిది చదువనివానిని పదిలో నేరుగ చేర్చుకొనుట సులభము గాదు గనుక ఏడాది పోవును. పైగా మాన్పించుటకు ఒక టర్ము ముందుగ వ్రాతమూలముగ తెలుపనిచో ఆ టర్ము రుసుమును ఇచ్చుకొనవలెనని ఒప్పందములలో సాధారణముగ నుండును. "రెండేండ్లు పంపి చూతము" అను మాట కర్థము లేదు. మూడేండ్ల సొమ్ము చేత నుండవలెను, లేదా అయిదేండ్లది.

అయిదేండ్లు చదివినవానికి అచటి విశ్వవిద్యాలయములలో స్వదేశపు పిల్లల రుసుమే యుండునని భర్తగారి యూహ. కాదు. చదువు నిమిత్తమే యున్న కాలమును వారు నివాసముగ నెంచరు. విదేశీయుల రుసుమే కట్టవలెను. ఇటు తిరిగివచ్చి వైద్యము చదువుద మన్నను, మన రెండు రాష్ట్రములలోను స్థానికుడన్న హక్కునకు పరీక్షవరకు వరుసగ నాలుగేండ్లు ఇచటనే చదివియుండుట ముఖ్యము. ఆ హక్కు చేజారవచ్చును. రెండు గట్లకును చెందక పిల్లవాడు నడుమ నిలుచును.

ఇంటినుండి వచ్చు సొమ్మాగిపోయిన నేమగునో తెలిసికొనుటకు అరవిందుల బాల్యము చూడవలెను. 1879లో వారికేడవయేట, తండ్రి కృష్ణధనఘోషుగారు వారిని, అన్నల నిద్దఱను ఇంగ్లండు తీసికొనిపోయి మాంచెస్టరులో నొక మతబోధకుని కుటుంబమున నుంచి వచ్చిరి. తండ్రి ప్రభుత్వవైద్యుడు, సంపన్నుడు, బిడ్డలపై ప్రేమగలవాడు. అయినను కాలక్రమమున సొమ్ము సరిగ రాక, పిదప దాదాపు నిలిచిపోయి, లండనులో ఆ పిల్లలు అరకడుపుతో, చలికి తగిన కోటును లేక దినములు గడపిరి. అరవిందులు లాటిను, గ్రీకు భాషలలో బహుమానములు గెలిచిరి; మాతృభాషయైన వంగభాషను మాత్రము పెద్దయైన పిమ్మట నేర్చుకొనవలసివచ్చెను. 1893లో పదునాలుగేండ్ల తరువాత స్వదేశమున కాలుపెట్టునప్పటికి తండ్రి లేడు. కుమారుడెక్కిన యోడ మునిగెనను తప్పుడు వార్త విని అంతకుముందే ప్రాణము విడిచెను. ఇప్పుడు ఫోనులున్నవి, ప్రతిసాయంకాలము ముఖము చూడవచ్చును, నిజమే. కాని సొమ్ము నడుమ నాగిన కష్టము ఆనాటిదే.

పిల్లలను దూరముంచి చదివించుట తప్పని మా యభిప్రాయము గాదు. మన మదనపల్లె కడ ఋషివ్యాలీలో వసతియుండి చదివినవారెందఱో. అచటి పేరే కావలెనన్న 2023లో హారో పేరుగల బడి బెంగుళూరుననే తెఱచినారు. దాని రుసుమును తక్కువేమియు గాదు గాని, రాత్రి రైలెక్కిన తెల్లవాఱునప్పటికి తల్లి బిడ్డకడ నుండును.

"అబ్బాయి నడిగితిరా?" అంటిమి. "వానికి క్రికెట్టు మైదానము నచ్చినదట" అని చెల్లెలు నవ్వినది. కొంతసేపటికి, "ఆ రెండెకరములు నీ తరువాత ఎవరివి?" అని మే మడిగితిమి. ఆమె బదులు చెప్పలేదు. తొమ్మిదేండ్ల కూతురు మా పెరటిలో గోరింటచెట్టుక్రింద మా పిల్లలతో నాడుచుండెను. ఆమె అటువైపు చూచి, నోటుపుస్తకములో అయిదేండ్ల మొత్తము క్రింద మరియొక గీత గీసి ఖాళీగ విడిచినది.

మరునాడు బస్సెక్కునపుడు ఆ పుస్తకము తనతోనే తీసికొనిపోయెను. పదిదినముల పిమ్మట ఫోను చేసినది. బడివారికి తానే మూడు ప్రశ్నలు వ్రాసెనట: గడచిన అయిదేండ్లలో ఏయేట నెంత రుసుము పెంచితిరి? నడుమ మాన్పించిన ధరావతులో నెంత తిరిగి యిత్తురు? టర్ము నడిమి సెలవులలో విదేశపు పిల్లలలో నెందఱు పరుల యిండ్ల నుందురు? మొదటి రెంటికి మరునాడే బదులు వచ్చినది. మూడవదానికి మే మిది వ్రాయునాటికి రాలేదు. పొలము బేరమునకు వచ్చినవారిని మాత్రము పంట కోతలైన తరువాత రమ్మని పంపివైచినారట.