క్రీడాకారుల కార్డులు – తలిదండ్రుల తోడు

పిల్లలకు వస్తువులను కూడబెట్టు నభిలాష సహజమైనది. చింతగింజలు, గవ్వలు, అగ్గిపెట్టెల మీది బొమ్మలు, తపాలాబిళ్లలు – ఏది దొరకినను పోగుచేసి, లెక్కించి, వరుసగా పేర్చి, తోడివారికి చూపి సంతోషించుట వారి స్వభావము. పెద్దలు దీనిని రెండు విధములుగా చూచుచుందురు. కొందఱు “ఈ చెత్త యెందులకు?” అని బయట పాఱవేయుదురు. మఱికొందఱు “దీనికి ముందుముందు ధర పలుకునా?” అని యడుగుదురు. ఈ రెండును సరియైన మార్గములు కావని మా యభిప్రాయము. మూడవ మార్గ మొకటి కలదు. అది బిడ్డ ప్రక్కన కూర్చుండి, ఆ వస్తువులను బిడ్డతో కలిసి చూచుట. ఈ విషయమును అమెరికా దేశములో మిక్కిలి వ్యాప్తిలోనున్న క్రీడాకారుల కార్డుల మూలమున విచారింప దలచినాము.

ఈ కార్డు అఱచేతిలో నిముడు దళసరి కాగితపు ముక్క. ఒకవైపున ఆటగాని చిత్రమును, రెండవవైపున అతని పేరు, జట్టు, ఆడిన యాటల లెక్కలును ఉండును. దీని పుట్టుక పిల్లల కొఱకు కాదు. పందొమ్మిదవ శతాబ్దపు చివరిభాగమున సిగరెట్టు వర్తకులు తమ మెత్తని పొట్లములు నలగకుండుటకై లోపల నొక గట్టి అట్టముక్క నుంచిరి. పిమ్మట దానిపై బొమ్మలు ముద్రించిరి. పొగాకు పెద్దలదైనను బొమ్మలు మాత్రము పిల్లల చేతికే చేరెను. ఇంగ్లండులో సిగరెట్టు కార్డులు యుద్ధకాలపు కాగితపు కొఱతచే 1940లో నిలిచిపోయినవి. అమెరికాలో బబుల్ గమ్ము వర్తకులు ఈ యాచారమును చేపట్టిరి. బోస్టను నగరపు గౌడీ కంపెనీవారు 1933లో 240 అంకెల బేస్‌బాలు కార్డుల వరుసను వెలువరించిరి. బ్రూక్లినులోని టాప్స్ కంపెనీవారు 1952లో 407 కార్డుల వరుసను ప్రకటించి, నేటి కార్డుల రూపమునకు దారి చూపిరి.

ఈ చరిత్రలో పిల్లలకు చెప్పదగిన నీతి మొదటనే యున్నది. గౌడీవారి వరుసలో 106వ అంకె గల కార్డును 1933లో ముద్రింపనే లేదు. వరుస పూర్తి చేయగోరిన బాలురు ఆ యొక్క కార్డు కొఱకు పొట్లము మీద పొట్లము కొనుచునే యుండిరి. ఫిర్యాదు చేయుచు ఉత్తరములు వ్రాసినవారికి మఱుసటి యేడు నెపోలియన్ లాజోయ్ అను ఆటగాని బొమ్మతో ఆ కార్డును ముద్రించి పంపిరి. లేనిదానికై బాలుడు కాసులు వెచ్చించుచుండగా, “నాయనా, ఈ కార్డు ఎవరికైనను దొరికినదా? అడిగి చూడుము” అని చెప్పు పెద్దవారు ప్రక్కన నుండిన ఎంత మేలు కలుగునో యోచింపుడు.

ఇక ధరల మాట. హోనస్ వాగ్నర్ అను ఆటగాని కార్డొకటి 1909వ సంవత్సర ప్రాంతమున సిగరెట్టు పొట్లములలో వచ్చినది. వాగ్నర్ సమ్మతింపనందున దాని ముద్రణము త్వరలోనే నిలిచిపోయెను. అందుచే మిగిలినవి చాల కొద్ది. వానిలో నొకటి 2022లో 72 లక్షల 50 వేల డాలర్లకు అమ్ముడుపోయెను. మిక్కీ మాంటిల్ అను ఆటగాని 1952 నాటి టాప్స్ కార్డు అదే సంవత్సరమున 1 కోటి 26 లక్షల డాలర్లు పలికెను. ఈ యంకెలు విని పలువురు తండ్రులు తమ పిల్లల కార్డులను నిధినిక్షేపములుగా భావింప మొదలిడిరి. కాని వారు మఱచునది యొకటి కలదు. ఆ 1952 నాటి కార్డులలో అమ్ముడుపోక మిగిలిన పెట్టెలను, ఉంచుటకు చోటు చాలక, 1960లో పడవ కెక్కించి అట్లాంటిక్ సముద్రమున పాఱబోయించినట్లు ఆ వరుసను రూపొందించిన సై బెర్గర్ తానే చెప్పియున్నాడు. నాడు వానిని ఎవ్వరును దాచలేదు; కావుననే నేడు వానికి వెల కలిగినది. 1980ల చివరి భాగమునను 1990ల ఆరంభమునను దీనికి విపరీతము జరిగెను. కార్డులు ధనమగునని యెల్లరును కొని దాచిరి. కంపెనీలు లెక్కకు మిక్కిలిగా ముద్రించెను. నేడు ఆ కాలపు కార్డులలో అధికభాగము కాగితపు ఖరీదైనను చేయదు. అందఱును దాచిన వస్తువునకు అపురూపత యెక్కడిది? బిడ్డ చదువునకు సొమ్ము కూడునని కార్డులు కొనిపెట్టువారు ఈ రెండు కథలను జంటగా జ్ఞాపకముంచుకొన వలెను.

మఱి వీనివలన ప్రయోజనమేమి? మొదటిది గణితము. బేస్‌బాలు ఆటలో బ్యాటు పట్టినవాని సగటు, అతడు బంతిని కొట్టి బేసు చేరిన మారులను లెక్కకు వచ్చిన యవకాశములచే భాగింపగా వచ్చునది. 1941లో టెడ్ విలియమ్స్ కడపటి దినమున ఆటలోనికి దిగునప్పటికి 448 అవకాశములలో 179 మారులు కొట్టియుండెను. భాగించి చూడుడు: .39955 వచ్చును. దశాంశములు మూడింటికి సవరించినచో అది .400 అగును. ఆ దినమున ఆడక కూర్చుండినను ఆ గౌరవము దక్కియుండెడిది. అతడట్లు చేయక రెండాటలును ఆడి, ఎనిమిది యవకాశములలో ఆరు మారులు కొట్టెను, సగటు.406 ఆయెను. మన క్రికెట్టులో బ్రాడ్మను 6,996 పరుగులను 70 మారులు ఔటగుటచే భాగింపగా 99.94 వచ్చునని యెఱిగిన బాలునకు ఈ రెండు సగటులకు గల భేదమును వివరించిన, భాగహార మన నేమో యొక సాయంకాలముననే బోధపడును. నల్లబల్లపై మేము వారము దినములు శ్రమపడి చెప్పు దశాంశ సవరణమును ఒక కార్డు వెనుకవైపు చెప్పగలదు. దానితోపాటు, దక్కిన గౌరవమును దాచుకొనుటకన్న ఆటలో దిగుట మేలను ధైర్యమును గూడ చెప్పును.

రెండవది చరిత్రము. కార్డుల పుస్తకములో నున్న బొమ్మలే కాదు, లేని బొమ్మలును బోధించును. 1933 నాటి గౌడీవారి వరుసలో బేబ్ రూత్ బొమ్మ నాలుగు కార్డులపై కలదు. నల్లజాతి యాటగాని బొమ్మ యొక్కటియు లేదు. ఏలయన, సుమారు ఆఱు దశాబ్దుల కాలము అమెరికా ప్రధాన సంఘములు వారిని చేర్చుకొనలేదు. 1947 ఏప్రిల్ 15వ తేదీన జాకీ రాబిన్సను బ్రూక్లిను జట్టున ఆడుటతో ఆ గోడ కూలెను. గొప్ప యాటగాడని పేరొందిన జాష్ గిబ్సను దానికి మూడు మాసములకు ముందే, ముప్పదియైదేండ్ల ప్రాయమున మరణించెను. నల్లజాతి సంఘముల యాటల లెక్కలను 2024లో ప్రధాన సంఘముల లెక్కలతో చేర్చినపుడు, గిబ్సను సగటు .372 అన్నింటికంటె పైన నిలిచెను. “నాన్నా, ఇంత గొప్పవాని బొమ్మ ఈ పాతవరుసలో ఏల లేదు?” అని బిడ్డ యడిగిన నాడు తండ్రి యేమి చెప్పునో దానిపై ఆ బిడ్డ న్యాయబుద్ధి కొంతవఱకు ఆధారపడియుండును. ఇట్టి ప్రశ్న అంగడిలో పుట్టదు. కలిసి కూర్చుండిన చాపపై పుట్టును.

మూడవది వ్యవహారధర్మము. కార్డుల మార్పిడియే పిల్లలకు మొదటి వర్తకము. తనయొద్ద రెండున్నవి, ఎదుటివానియొద్ద లేదు. ఆ సమయమున వానికి తెలియని విలువను దాచి లాభము పొందుటయా, ఉన్నదున్నట్లు చెప్పి సమముగా మార్చుకొనుటయా? పైతరగతి బాలుడు క్రిందితరగతి పిల్లవానిని మెఱయు కార్డొకటి చూపి మోసగించుటయు, చిన్నవాడు సాయంకాలమునకు గాని తెలిసికొనలేక కన్నీరు పెట్టుకొనుటయు మేము పాఠశాలలో చూచియున్నాము. ఇంటిలో తండ్రియో తల్లియో మార్పిడి చేయు పద్ధతిని నేర్పియుండిన ఇట్టివి చాలవఱకు తగ్గును. “వాని స్థానమున నీవుండిన దీనికి ఒప్పుకొందువా?” అను ఒక్క ప్రశ్న చాలును.

ఇందు అపాయములును లేకపోలేదు. వానిని దాచుట మా యుద్దేశము కాదు. మూసిన పొట్లము లాటరీకి చుట్టము. అపురూపమైన కార్డు ఎన్ని పొట్లముల కొకటి చొప్పున వచ్చునో అమెరికాలో పొట్లముపైననే ముద్రింతురు. ఇరువదినాలుగింటి కొకటి అని యున్నదనుకొందము. ఇరువదినాలుగు కొనిన తప్పక దొరకునని బిడ్డ తలచును. లెక్కవేసి చూచిన, అన్నియు కొనినను దొరకకపోవుటకు నూటికి సుమారు 36 పాళ్లు అవకాశము కలదు. ఈ లెక్క చెప్పుట తండ్రి ధర్మము. నేడు మఱియొక వింత బయలుదేరినది. ఎవరో దూరమున నుండి పొట్లములను విప్పుచుండగా, సొమ్ము చెల్లించినవారు ఫోను తెరపై చూచుచు, తమ వంతునకు ఏమి వచ్చునో యని యెదురుచూతురు. ఇందు ఆట లేదు, చదువు లేదు, చెలిమి లేదు. జూదపు రుచి మాత్రమున్నది. పిల్లలను దీని దరికి చేరనీయరాదని మా దృఢమైన యభిప్రాయము.

రెండవ యపాయము పెద్దల వలననే కలుగును. బిడ్డ కొఱకని మొదలిడి, కొన్ని దినములలో తండ్రియే యజమాని యగును. “దానిని తాకకు, మూలలు వంగును; ధర పడిపోవును” అనును. అప్పుడు బిడ్డ తన యింటిలో తానే పరదేశి యగును. కావున కొన్ని నియమములను సూచించెదము. కార్డులు బిడ్డవి, ఏవి యుంచవలెనో, ఏవి మార్చవలెనో నిర్ణయము బిడ్డదే. నెలకింతయని సొమ్ము ముందుగా నిర్ణయించి, అది ముగిసిన పిమ్మట కొనరాదు. పొట్లములు పెక్కు కొనుటకన్న, ఇష్టమైన యాటగాని కార్డు నొకదానిని ఎంచి కొనుట మేలు. కార్డులకు రబ్బరు పట్టీ చుట్టరాదు, ఎండకు పెట్టరాదు, జిగురుతో నంటింపరాదు. ధరల పట్టికను బిడ్డకు మొదట చూపరాదు. ఆటగాని కథను మొదట చెప్పవలెను. వారమున కొక సాయంకాలము, తొందర లేని సమయమున, కలిసి కూర్చుండవలెను.

ధరను కోరని ప్రీతి యెట్టిదో తెలియుటకు ఒక మహనీయుని తలతము. న్యూయార్కు రాష్ట్రమున సిరక్యూసు నివాసియైన జెఫర్సన్ బర్డిక్ సామాన్యోద్యోగి, కీళ్లవ్యాధి పీడితుడు. ఆయన మూడు లక్షలకు పైబడిన ముద్రిత కార్డులను, బొమ్మలను కూర్చెను; వానిలో బేస్‌బాలు కార్డులే సుమారు ముప్పదివేలు. వాని నన్నింటిని న్యూయార్కులోని మెట్రోపాలిటన్ కళాప్రదర్శనశాలకు ఉచితముగా నిచ్చి, నొప్పిచే వంకరపోయిన వ్రేళ్లతోనే యేండ్లకొలది వానిని పుస్తకములలో నమర్చెను. ఆ పని ముగిసిన పిమ్మట 1963లో మరణించెను. ఆయన అమ్మలేదు, పంచిపెట్టెను. కూడబెట్టుటయొక్క పరమార్థము పంచుకొనుటయే యని ఇంతకంటె స్పష్టముగా చెప్పుట యెట్లు?

“ఇది యమెరికా మాట, మనకేమి?” యని కొందఱు అడుగవచ్చును. మన దేశమునను 1980ల చివరను, 1990లలోను బిగ్ ఫన్ అను బబుల్ గమ్ముతో క్రికెట్టు ఆటగాండ్ర బొమ్మలు వచ్చెడివి. వానిపై ముద్రించిన పరుగులను, వికెట్లను కూడుకొనుచు వీధివీధిని బాలురు తిరిగెడివారు. 2008లో ఐ.పి.ఎల్. మొదలైన తరువాత ఆ జట్ల యాటగాండ్ర కార్డులును వచ్చినవి. ఆ నాటి బాలురు నేడు తండ్రులైరి. వారిలో కొందఱు టెక్సాసు, న్యూ జెర్సీ మొదలగు సీమలలో కాపురమున్నారు. వారి బిడ్డలకు బేస్‌బాలు తెలియును. తండ్రులకు క్రికెట్టు తెలియును. అట్టి యిండ్లలో ఈ కార్డులు వింతగా ఉపకరించును: బిడ్డ గురువు, తండ్రి శిష్యుడు. “ఈ యంకె కర్థమేమి, చెప్పుమమ్మా” యని తండ్రి యడుగగా, కూతురు ఓపికతో వివరించును. తనకు తెలిసినది తండ్రికి తెలియదని, తండ్రి దానిని నేర్చుకొన గోరుచున్నాడని యెఱిగిన బిడ్డకు కలుగు గౌరవమును ఏ బహుమానమును ఈయజాలదు. ఆ మఱునాడు తండ్రి చెప్పు క్రికెట్టు కథను ఆమెయు మనసుపెట్టి వినును.

తలిదండ్రులారా, బిడ్డలు మనతో మనసిచ్చి మాటలాడు కాలము మిక్కిలి కొద్ది. పదునాలుగు, పదునైదేండ్లు వచ్చిన పిమ్మట “చదివితివా? మార్కులెన్ని?” అను ప్రశ్నలు తప్ప మాటాడుకొనుటకు విషయమే మిగులని యిండ్లు ఎన్నియో కలవు. చిన్ననాడు కలిసి పేర్చిన కార్డుల పెట్టె యొకటి ఆ యింటనుండిన, మాటకు దారి యొకటి మూసికొనక మిగులును. అది కార్డులే కానక్కఱలేదు; తపాలాబిళ్లలైనను, ఆకులైనను, అగ్గిపెట్టె బొమ్మలైనను సరియే. కావున ఈ సెలవులలో మీ బిడ్డను పిలిచి, “నీవు కూడబెట్టినవి నాకు చూపుము” అని యడుగుడు. బిడ్డ చెప్పునది తుదివఱకు వినుడు. ధర మాత్రము అడుగకుడు.