వేసవికి చల్లని పచ్చి సూపు

"స్పెయిన్ దేశంలో కూరగాయలను ఉడికించకుండానే చల్లని సూపు చేసుకుంటారట. ఎండలకు మంచిదేనా? మన ఇళ్ళలో చేసుకోవచ్చునా?" అని సికింద్రాబాదు నుంచి ఒక సోదరి అడిగారు.

మంచిదే. దాని పేరు గస్పాచో. దక్షిణ స్పెయిన్‌లోని అండలూసియా ప్రాంతంలో పొలం పనివారు తినే వంటకమిది. అమెరికా ఖండం నుంచి టొమాటో రాకముందు రొట్టె, వెల్లుల్లి, వెనిగర్, ఆలివ్ నూనె, నీళ్ళతోనే చేసుకునేవారు. మన పచ్చిపులుసులోనూ చింతపండు రసం పొయ్యి మీద కాగదు కదా! కనుక ఇది మనకు మరీ వింతేమీ కాదు. టొమాటోలోనూ కీరదోసలోనూ నూటికి 90 పాళ్ళకు పైగా నీరే. చెమటలో పోయే నీటిని, ఉప్పును కొంత తిరిగి ఇస్తుంది.

అయితే ఒక్క మాట. పొయ్యి మీద ఉడికితే క్రిములు చస్తాయి. ఫ్రిజ్‌లో పెడితే చావవు. పులుపును కూడా నమ్ముకోరాదు. ఒక మే నెలలో ఒకే ఇంటి నుంచి నలుగురు వాంతులు, విరేచనాలతో నా వద్దకు వచ్చారు. తాగింది ఇంటి మజ్జిగే. చల్లగా ఉంటుందని అందులో బజారు ఐసుగడ్డ వేసుకున్నారు. పిల్లలు త్వరగానే కోలుకున్నారు కాని, ముసలావిడకు రెండు రోజులు సెలైన్ ఎక్కించవలసి వచ్చింది.

నలుగురికి చేసే పద్ధతి: బాగా పండిన టొమాటోలు అర కిలో, కీరదోసకాయ ఒకటి, కాప్సికం సగం, చిన్న ఉల్లిపాయ ఒకటి, వెల్లుల్లి రెబ్బ ఒకటి తీసుకోండి. కోయడానికి ముందే వీటిని ధారగా పడే నీటిలో రుద్ది కడిగి, కాచి చల్లార్చిన నీటితో మరొకసారి కడగండి. చేతులు సబ్బుతో కడుక్కోండి. మాంసం కోసిన కత్తి, పలక వాడవద్దు. టొమాటోలను మరిగే నీళ్ళలో ఒక నిమిషం ఉంచితే తొక్క సులువుగా వస్తుంది. అన్నిటినీ ఒక రొట్టె ముక్కతో కలిపి మిక్సీలో మెత్తగా రుబ్బండి. అర చెంచా ఉప్పు, రెండు చెంచాల నిమ్మరసం, ఉంటే ఒక చెంచా ఆలివ్ నూనె కలపండి. పలచన చేయడానికి కాచి చల్లార్చిన నీరే పోయండి. స్టీలు లేదా గాజు పాత్రలో మూతపెట్టి రెండు గంటలు ఫ్రిజ్‌లో ఉంచండి. ఐసు కావలిస్తే కాచిన నీటితో ఇంట్లోనే చేసుకోండి. సూపు ఆ పూటే తాగేయాలి. గంటకు మించి బయట ఉన్నదాన్ని పారేయండి.

రక్తపోటు ఉన్నవారు ఉప్పు తగ్గించుకోవాలి. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు తమ డాక్టరును అడగనిదే తాగరాదు, టొమాటోలో పొటాషియం ఎక్కువ. ఏడాది నిండని పసివాళ్ళకు పెట్టవద్దు.

ఈ సూపు వడదెబ్బకు మందు కాదు. 2015 వేసవిలో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కలిపి వెయ్యి మందికి పైగా వడదెబ్బకు బలయ్యారు. ఎండలో తిరిగిన మనిషికి ఒళ్ళు కాలిపోతూ మాట తడబడినా, స్పృహ తప్పినా నోట్లో ఏమీ పోయవద్దు. నీడకు చేర్చి, ఒంటిని తడిపి, విసురుతూ వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.